ఓబులమ్మత్త సాకిన డేగ

నా మనసు కాస్త కుదుటపడుతుందని మా లేడీస్ క్లబ్ వాళ్ళు నన్ను డేగల ప్రదర్శన చూడ్డానికి తీసుకెళ్ళారు. పాపం, వాళ్ళకేం తెలుసు? ఊళ్ళో మా మేనత్త ఓబులమ్మ పోయిందనీ, దినాలు ముగించుకుని దోహాకు తిరిగొచ్చి తలుపేసుకుని కూర్చున్నాననీ మాత్రమే వాళ్ళకు తెలుసు. క్లబ్బు పనులన్నీ నెత్తినేసుకుని తిరిగే శైలజ లుసైల్లో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది. అమలాపురం పిల్ల, నా కూతురి వయసుంటుంది. ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుంది. "అలా గోడకేసి చూస్తా కూర్చుంటే ఎలా అక్కా? శుక్రవారానికి బస్సు మాట్లాడేశాం. కాసేపు ఇసకలో తిరిగి, ఆ పక్షుల ఆట చూసి, సాయంత్రానికి వచ్చేద్దాం. మీరేం పనులు పెట్టుకోవద్దు. పులిహోర మాత్రం మీ చేత్తో కలిపి తెచ్చెయ్యండి చాలు" అంది. దుఃఖంలో ఉన్నదాన్ని ఓదార్చడానికి వచ్చి, దానిచేతే బస్సెడు మందికి పులిహోర కలిపించడం మా వాళ్ళకే చెల్లింది. సరేనని చింతపండు నానబెట్టాను. చేతికి పని ఉంటే ఏడుపు కాస్త వెనక్కి తగ్గుతుంది, ఆ మాట మాత్రం నిజం.

బస్సు లుసైల్లో కొందరినీ, దోహాలో మమ్మల్నీ ఎక్కించుకుని దక్షిణంగా మెసయీద్ రోడ్డు పట్టింది. వెనక సీట్లలో అంత్యాక్షరి మొదలైంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బిర్కత్ అల్ అవామిర్ దగ్గర కూలీల క్యాంపుల వరండాల నిండా సెలవురోజు ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. గోడౌన్లు, వరసగా నిలబెట్టిన ట్రెయిలర్లు, టీ కొట్టు ముందు గుంపుగా కుర్రాళ్ళు. నేను మొదటిసారి ఈ దారిన పోయినప్పుడు ఇవేవీ లేవు. రోడ్డుకు రెండు వైపులా ఇసక, అక్కడక్కడా ఒంటెలు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల పొగ, అంతే. అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. కారు తోలుతున్న యూసఫన్న తప్ప పక్కన ఎవరూ లేరు. జేజి పోయిందన్న మాట అత్తకు ఎట్లా చెప్పాలా అని దారి పొడుగునా నోట్లోనే అనుకుంటూ పోయాను. జేజి అంటే మా నాయనకు అమ్మ, ఓబులమ్మత్తకు కూడా అమ్మే.

ప్రదర్శన జరిగే చోట ఇసకలో తివాచీలు పరిచి, గుడారాలు వేసి, కుర్చీలు వేశారు. ఒక పక్క కరక్ చాయ్ కాస్తున్నారు. తెల్లటి అంగీ తొడుక్కున్న కుర్రవాడు మైకులో కాసేపు ఇంగ్లీషులో, కాసేపు అరబ్బీలో చెబుతున్నాడు. డేగ కళ్ళకు తొడిగిన తోలు టోపీ తీసి గాల్లోకి వదిలారు. ఇంకొకడు తాడు చివర ఈకల ముద్ద కట్టి తలపైన గిరగిరా తిప్పుతూ అరిచాడు. ఎక్కడో చుక్కంత కనబడే పక్షి రెప్పపాటులో వచ్చి దాన్ని కొట్టింది. మావాళ్ళు కెవ్వుమని చప్పట్లు కొట్టారు. తర్వాత ఫొటోల కార్యక్రమం. చేతికి తోలు తొడుగు వేసి, పక్షిని దానిమీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ ఫొటో తీస్తున్నారు. "అక్కా, మీరూ రండి, అలా దాక్కుంటే ఎలా" అని శైలజ నన్ను ముందుకు తోసింది. పక్షి నా చేతిమీదికి వచ్చింది. ఎండిన ఈకల వాసన, పచ్చిమాంసం వాసన, దుమ్ము వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలేసరికి, నాకు తెలియకుండానే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నేను జడుసుకున్నాననుకుని ఆ కుర్రవాడు గబగబా పక్షిని తీసేసుకున్నాడు. జడుపు కాదు నాయనా అనుకున్నాను. పులిహోర వడ్డించే పని శైలజకు అప్పగించి, గుడారం వెనక్కి పోయి ఇసకలో కూర్చున్నాను.

నన్ను ఈ దేశానికి తీసుకొచ్చింది ఓబులమ్మత్తే. మాది కడప జిల్లాలో వానలు సరిగా పడని ఊరు. నాయన పోయాక ఇంటి బరువు మా అమ్మమీద పడి, నా ఇంటర్ చదువు మూలపడింది. అత్తను మొగుడు వదిలేసి పోతే పుట్టింటికి చేరి, అక్కడినుంచి దోహాకు వచ్చి ఒక ఖతారీ ఇంట్లో వంటమనిషిగా కుదురుకుంది. ఆ ఇంట్లోనే ఇల్లూడ్చి బట్టలు ఉతికే పనికి నన్ను పిలిపించుకుంది. వంటింటి వెనక ఒక గది మాది. రెండు మంచాలు, ఒక పెట్టె, స్నానాలగది అద్దానికి అతికించిన బొట్టుబిళ్ళలు. పొద్దున్నే అత్త తలకు నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని వంటింట్లోకి పోయేది. ఏలకులు దంచి వేసిన అరబ్బీ కాఫీ వాసన, కొంచెం పొద్దెక్కాక నిప్పులమీద వేసే సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ, మధ్యాహ్నం పెద్ద డేగిసాలో ఉడికే మాంసంబియ్యం ఆవిరి, ఇవి మాకు గడియారం. ఇంటి పెద్దామె, అంటే యజమాని తల్లి, ఆ పొగ గిన్నె పట్టుకుని గది గదికీ తిరిగి తెరలకూ, పిల్లల బట్టలకూ, చివరికి మా పైటలకూ పట్టించేది. మా గదికి వస్తే అత్త దాచుకున్న ఊరగాయ జాడీ వాసన చూసి ముక్కు మూసుకుని నవ్వేది. ఆమెను మేం యుమ్మా అనేవాళ్ళం. యజమానిని అందరిలాగే బాబా అనేవాళ్ళం.

మా అత్తకు నోరు ఊరుకునేది కాదు. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే, నేనూ, తనూ, నిజామాబాదునుంచి వచ్చిన డ్రైవరు యూసఫన్నా. మేం చాలకపోతే ఆమె వస్తువులతో మాట్లాడేది. గ్యాస్ పొయ్యి అంటుకోకపోతే "ఏందే నీ యవ్వారం, పొద్దున్నే మొదులుపెట్టినావా" అనేది. వాషింగ్ మెషీన్ ఊగిపోతుంటే "మెల్లగా, మెల్లగా, ఎవురన్నా తరుముతాండారా" అని దాని నెత్తిమీద తట్టేది. అరబ్బీ, హిందీ కలిపి బాబాతో మాట్లాడే నాలుగు ముక్కలు పని కోసం నేర్చుకున్న మాటలు. ప్రాణమున్న మాటలన్నీ ఆమెకు కడప తెలుగులోనే ఉండేవి. నేను ఎగతాళి చేస్తే, "నోరు మూసుకోనుంటే ఈ గోడలు నన్ను మింగేస్తాయి మే" అనేది.

ఆ ఇంట్లో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ పక్కన డేగకు ఒక గది ఉండేది. దాన్ని చూసుకునే మనిషి వేరే ఉండేవాడు, మేం అటు పోయేవాళ్ళం కాదు. ఒక ఎండాకాలం ఇంటివాళ్ళంతా చల్లటి దేశానికి ప్రయాణం కట్టారు. డేగల మనిషి తన దేశానికి లీవు మీద పోయి తిరిగి రాలేదు. ఎండాకాలం డేగలు ఈకలు రాల్చుకుని కొత్తవి వేసుకుంటాయి. అప్పుడు వాటిని ఎగరనివ్వరు, చల్లటి గదిలో వదిలేసి మేపుతారు. బాబా అత్తను పిలిచి చూపించాడు. సాయంత్రం ఒక కౌజుపిట్టను కోసి ఆ దిమ్మెమీద పెట్టు, నీళ్ళు మార్చు, ఏసీ ఆపొద్దు, మాట్లాడకుండా వచ్చెయ్. చెప్పింది అంతే. అత్త తలాడించింది. నేను అక్కడే ఉన్నాను. ఆ తలాడింపు చూస్తే ఎవరైనా ఈమెకు అంతా అర్థమైందనుకుంటారు.

అర్థమైంది కానీ మనసొప్పలేదు. ఇంట్లో ఉన్న ప్రాణికి పలకరింపు లేకుండా తిండి పారేసి రావడం ఏమిటని ఆమె బాధ. ఊళ్ళో మా జేజి కోళ్ళకు గింజలు వేసేటప్పుడు నాలుక అంగిట్లో కొట్టి "బ బ్బ బ్బ బ్బా, రాండమ్మా" అని ఒక రాగం తీసేది. ఎక్కడెక్కడి కోళ్ళో పరిగెత్తుకొచ్చేవి. అదే రాగంతో అత్త డేగను పిలిచింది. "ఇంత పెద్ద కోడి యాడన్నా ఉంటాదా మే!" అని నాకు చెప్పి మురిసిపోయింది. ఆ రోజునుంచి దాని పేరు కోడి. చేతికి మందపాటి టవలు చుట్టుకుని, పసుపుపచ్చ స్కార్ఫు తలకు కట్టుకుని సాయంత్రంపూట లోపలికి పోయేది. తలుపు సందులోంచి నేను చూసేదాన్ని. మొదట్లో అది మూలకు పోయి రెక్కలు కొట్టుకునేది. ఎండాకాలం సగమయ్యేసరికి పిలవగానే దిమ్మె దిగి వచ్చేది. పిల్లలు ప్రయాణం పోయిన ఆ ఖాళీ ఇంట్లో అత్త దానికి తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. మా జేజికి కడుపులో గడ్డ లేచిందనీ, ఈ ఎండలు తగ్గగానే లీవు మీద పోయి అమ్మను కడప పెద్దాసుపత్రికి తీసుకుపోతాననీ దానికే ముందు చెప్పింది, నాకు తర్వాత.

ఇంటివాళ్ళు తిరిగొచ్చారు, కొత్త డేగల మనిషి కూడా వచ్చాడు. కొత్త ఈకలతో డేగ నిగనిగలాడుతోంది. బాబా దాన్ని చేతిమీద ఎక్కించుకోబోతే బెదిరిపోయి కాలికి కట్టిన తాడుకు తలకిందులుగా వేలాడింది. కొత్తమనిషి మాంసం చూపించి పిలిస్తే మొహం తిప్పుకుంది. ఒకరోజు పెరట్లో దానికి పొడుగు తాడు కట్టి పిలిచే పనిలో ఉండగా, వంటింట్లో అత్త నన్ను ఏదో కేకేసింది. ఆ గొంతు వినగానే అది తాడుతోసహా వచ్చి వంటింటి కిటికీ ఊచలమీద వాలింది. బాబా నోరు తెరుచుకుని చూశాడు. "ఓబ్లా! నా షాహీన్‌ని ఏం చేశావు?" అని హిందీలో అడిగాడు. షాహీన్ అంటే ఆ జాతి డేగ. అత్తకు చెమటలు పట్టాయి. "బాబా, అనా మాఫీ కుచ్! ఖాలీ ఖానా దియా" అంది. నేనేం చెయ్యలేదు, తిండి పెట్టానంతే అని. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మజ్లిస్‌కు వచ్చినవాళ్ళకల్లా ఆ కథ చెప్పి మళ్ళీ మళ్ళీ నవ్వాడు. అత్త కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఆ నవ్వు ఎంత దూరం తీసుకుపోతుందో అప్పుడు మాకు తెలియదు.

లీవు సంగతి ఎత్తితే బాబా "బాదేన్, ఓబ్లా" అన్నాడు. బాదేన్ అంటే తర్వాత. చలికాలం వేట మొదలవుతోంది, ఈ పక్షి నీ గొంతుకు తప్ప రావడం లేదు, ఈ ఒక్క సీజనూ ఉండి కొత్తమనిషికి అలవాటు చేసి పో, తిరిగి రావాలన్న తొందర లేకుండా ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండి రా అన్నాడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండేది. ఆయన సంతకం లేకుండా దేశం దాటే వీల్లేని రోజులవి. కసిరి చెప్పి ఉంటే మేమూ మనసులో తిట్టుకునేవాళ్ళం. ఆయన మంచిగానే చెప్పాడు. జేజి జబ్బు పేరు అడిగి, ఇక్కడి డాక్టరుతో మాట్లాడి, మందులు కొని, ఊరికి పోతున్నవాళ్ళ చేత పంపించాడు కూడా. ఒక మనిషి తన తల్లిని చూడాలనుకోవడం మందుల సీసాతో తీరే సంగతి కాదని అంత పెద్ద ఇంట్లో యుమ్మాకు ఒక్కదానికే అర్థమైంది. ఆమె కొడుకుతో ఏదో గట్టిగా అనడం విన్నాను. ఆయన తల్లి నుదురు ముద్దుపెట్టుకుని "బాదేన్, యుమ్మా" అని వెళ్ళిపోయాడు.

అత్త మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. ఊరినుంచి ఫోను వచ్చినప్పుడల్లా జేజి ఒకటే అడుగుతోందని చెప్పేవాళ్ళు, ఓబులు ఎప్పుడొస్తాది అని. ఆ ఫోను పెట్టేశాక ఒకరోజు అత్త మా గదిలో మంచం పట్టె పట్టుకుని నేలమీద కూలబడింది. "నా నోరు పడిపోను. ఆ పొద్దు చెప్పినట్ల మాంసం పారేసి గమ్మున వచ్చింటే ఈ పొద్దు మాయమ్మ దగ్గర ఉందును గదా మే. ఈ పాడు నోరే నన్ను కట్టేసింది" అని నోటిమీద కొట్టుకుంది. నేను చేతులు పట్టుకుని ఆపాను. "పిలవద్దులే అత్తా. నాలుగు దినాలు దాని దగ్గరికి పోవద్దు. అదే మరిచిపోతాది, నిన్ను ఇడిసిపెడతారు" అన్నాను. ఆమె పైటతో ముక్కు తుడుచుకుని, "పోకుంటే అది తినదు మే. మొన్న ఒక పూట పోకపోతే అట్లనే ముడుచుకోని కూచున్నింది. దానికేం తెలుసు పాపం" అంది. ఆ సాయంత్రం కూడా టవలు చుట్టుకుని పోయింది. నాకు ఆ డేగమీద పీకల్దాకా కోపం వచ్చింది, దాన్ని అంత ప్రేమగా పిలిచే అత్తమీద ఇంకా కోపం వచ్చింది.

చలి ముదిరాక ఇంటివాళ్ళు అలవాటు ప్రకారం మెసయీద్ దాటి ఇసకదిబ్బల్లో గుడారాలు వేసుకున్నారు. ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే గుడారాలు, వంటకు ఇంకొకటి. వంటకని అత్త, అత్తతోపాటు డేగ. యుమ్మా మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోతే తోడుగా నన్ను ఉంచారు. ఆ రోజు పొద్దున యుమ్మా పొగ గిన్నె తిప్పుతోంది, నేను ఆమె వెనకాలే తెరలు ఎత్తి పట్టుకుంటున్నాను. హాల్లో ఫోను మోగింది. ఊళ్ళో వరసకు నాకు అన్నయ్యేవాడు, టౌనులో టెలిఫోను బూత్ నుంచి. "జేజి పోయిందమ్మా. తెల్లారి. ఓబులూ ఓబులూ అంటానే పోయింది" అన్నాడు. యుమ్మాకు తెలుగు రాదు, కానీ నా ఏడుపు ఏ భాషలో ఉందో ఆమెకు అక్కర్లేకపోయింది. గిన్నె కింద పెట్టి, నా తల తన ఒళ్ళోకి లాక్కుని, ఏదో దువా చదివింది. తర్వాత యూసఫన్నను పిలిచి, ఈ పిల్లను గుడారాల దగ్గరికి తీసుకుపో, ఓబ్లాను తీసుకురా, నా కొడుక్కి నేను చెప్పానని చెప్పు అంది.

కారులో యూసఫన్న వెనక్కి తిరిగి నీళ్ళసీసా ఇచ్చాడు. "ఏడ్వకు బిడ్డా. నువ్వు గిట్ల మొఖం ఏసుకొని పోతే దూరంకెల్లే ఆమెకు తెలిసిపోతది. జర మొఖం కడుక్కో" అన్నాడు. కడుక్కున్నాను. కడుక్కున్నా దాచేదేముంది. గుడారాలు కనబడేసరికి ఎండ నెత్తికెక్కింది. మగవాళ్ళంతా దిబ్బమీద నిలబడి ఆకాశం కేసి చూస్తున్నారు. వాళ్ళకు కొంచెం ఎడంగా, పసుపు స్కార్ఫు కట్టుకుని అత్త ఒక్కత్తే నిలబడి పిలుస్తోంది. జేజి గొంతే. చిన్నప్పటినుంచి మా పెరట్లో విన్న రాగం ఆ ఇసకలో, ఆ గాల్లో వినబడేసరికి కారు దిగి ఆమె వైపు నడిచాను. డేగ ఎంతో ఎత్తున తిరుగుతోంది. "ఆగమ్మా, పిట్ట దిగనీ. దిగినంక చెప్పు" అని యూసఫన్న నా భుజం పట్టుకున్నాడు. నేను ఆగాను. కానీ అత్త కారు చప్పుడుకు ఇటు తిరిగింది. యుమ్మాను వదిలి నేను ఎడారిదాకా రావడానికి ఇంకే కారణం ఉంటుంది? నన్ను చూసింది, పిలుపు ఆగిపోయింది.

"యల్లా ఓబ్లా! బులావ్, బులావ్!" అని పిలవమని బాబా అరుస్తున్నాడు. కొత్తమనిషి తాడు తిప్పుతున్నాడు. అత్త నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి తెరిచింది. పైన డేగ రెండు చుట్లు తిరిగింది, కింద తనకు తెలిసిన గొంతు లేదు, గాలివాటున సముద్రం వైపు జారుకుంది. మగవాళ్ళు కేకలు వేస్తూ కార్లెక్కి దాని వెంట పోయారు. దిబ్బమీద మేం ముగ్గురం మిగిలాం. యూసఫన్న తల దించుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. అత్త నా దగ్గరికి వచ్చి మామూలుగా అడిగింది. "నోట్లో నీళ్ళు ఎవురు పోసినారు?" "మాయమ్మ పోసిందంట అత్తా" అన్నాను. "నన్ను అడిగిందా?" "లేదు. నిద్దర్లోనే పోయిందంట" అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "అబద్ధం చెప్పొద్దు మే" అంది. అప్పుడు చెప్పాను. ఇసకలో కూర్చుని రెండు చేతులతో ఇసక ఎత్తి నెత్తిన పోసుకుంది. ఆ ఏడుపు గురించి రాయడం నావల్ల కాదు.

పొద్దు వాలుతుండగా బాబా వట్టిచేతులతో వచ్చాడు. డేగ దొరకలేదు. తర్వాత కూడా దొరకలేదు. ఏమంటాడోనని మాకు భయంగా ఉంది. యూసఫన్న ఎదురెళ్ళి విషయం చెప్పాడు. బాబా చనిపోయినవాళ్ళ కోసం చదివే మాట మెల్లగా చదివి, "ఓబ్లా, బుక్రా సఫర్" అన్నాడు. రేపే ప్రయాణం. మర్నాటికి పాస్‌పోర్టు, టికెట్టు, సంతకం అన్నీ చేతిలో ఉన్నాయి. చలికాలమంతా దొరకని లీవు ఒక్క రోజులో దొరికింది. ఆయన చెడ్డవాడు కాదని నేను ఈరోజుకీ అంటాను. కానీ అంత సులువైన సంతకాన్ని అంతకాలం ఎట్లా ఆపగలిగాడని ఈరోజుకీ నా కడుపు మండుతుంది. అత్త ఊరు చేరేసరికి మట్టి చేసేశారు. బతుకు తెరువు లేక దినాలయ్యాక మళ్ళీ అదే ఇంటికి తిరిగొచ్చింది. వంట అదే, గది అదే. పొయ్యితో గానీ మెషీన్‌తో గానీ మాట్లాడటం మాత్రం మానేసింది. ఒళ్ళు సహకరించనప్పుడు ఊరికి పోయి, మా తమ్ముడింట్లో ఉండిపోయింది. వాడి పెళ్ళాం కోళ్ళు తెచ్చుకుంటానంటే అప్పటినుంచీ గట్టిగా మాట్లాడని మనిషి వద్దంటే వద్దంది.

బస్సు తిరుగు ప్రయాణంలో అందరూ అలిసిపోయి నిద్రపోయారు. శైలజ వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, డేగని చూసి భయపడ్డారా?" అంది. ఇదంతా చెప్పాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడైతే అలా జరగదండీ. ఫోన్లో మనిషి ఎదురుగా కనపడుతుంది, లీవు పెట్టుకుని రాత్రికి విమానం ఎక్కేస్తే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం" అంది. నిజమే. ఒకరి సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడే పని ఇప్పుడు నాకు లేదు. అత్త మంచం పట్టిందని తెలిసిన రోజే నేను బయల్దేరాను. ఆమెకు కావలసి ఉండి దొరకనిది నాకు అడక్కుండానే దొరికింది. ఆమె పక్కన కూర్చున్నాను, ఒళ్ళు తుడిచాను, గంజి తాగించాను. ఈ కాలం ఆ మాత్రం మంచిది, కాదనను. అక్కడిదాకే శైలజతో చెప్పాను. మిగతాది చెప్పలేక కిటికీ వైపు తిరిగాను.

మంచంలో ఉన్న అత్తకు నేను గుర్తున్నాను కానీ, ఇరవయ్యేళ్ళ పిల్లగా గుర్తున్నాను. ఆమె అనుకుంటున్న గది మా తమ్ముడి ఇల్లు కాదు, వంటింటి వెనక గది. నన్ను చూసినప్పుడల్లా ఒకటే అడిగేది. "ఏం మే, బాబా ఏమన్న్యాడు? లీవు ఇచ్చినాడా?" మొదట్లో నేను నచ్చజెప్పబోయాను. "అత్తా, మనం ఊళ్ళోనే ఉండాం. ఇది మనిల్లే, చూడు" అన్నాను. ఆమె గోడలు చూసి, నేను ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం చిన్నబుచ్చుకుంది. "ఆటలాడొద్దు పాపా. మాయమ్మ కాచుకోనుంటాది. నువ్వన్నా ఒక మాట అడుగు" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మాటిమాటికీ అదే ప్రశ్న, అదే ఏడుపు. ఒక మధ్యాహ్నం ఇంక చూడలేకపోయాను. అడిగొస్తానని చెప్పి, బయటికి పోయి వసారాలో కాసేపు నిలబడి, లోపలికొచ్చాను. "ఇచ్చినాడత్తా. రేపే టికెట్టు" అన్నాను.

"నిజ్జంగానా?"

"నీమీద ఒట్టు."

ఆ మొహం అట్లా విచ్చుకోవడం నేను నా జన్మలో చూడలేదు. లేచి కూర్చోబెట్టమంది. గోడకు దిండు వేసి ఆనించాను. "జడ వెయ్ మే. బిగువుగా వెయ్, దారి దూరం" అంది. పిడికెడు జుట్టు కూడా లేదు. నూనె రాసి, చిక్కు తీసి, చేతనైనంత బిగువుగా అల్లాను. జడ చివర ఊడిపోకుండా గుప్పిట్లో పట్టుకుని పడుకుంది. తెల్లారి చూస్తే అత్తకు ఊపిరి లేదు. నీళ్ళు పోసేటప్పుడు ఆడవాళ్ళు ఆ జడ విప్పబోయారు. నేను విప్పనియ్యలేదు.